మొక్కలు, పోస్టర్లు పక్కన పెట్టండి, ముందు గల్లీ గణపతి మండపం చూడండి

మేడమ్, మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇదీ. ఉప్పల్ వైపు ఒక హైస్కూల్లో మీరు సైన్సు టీచరు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలభై మందికి పర్యావరణం, లీడర్‌షిప్ కలిపి జూలైలో రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టమని హెడ్మాస్టరు గారు చెప్పారు. చేతిలో పదిహేను వేలున్నాయి. బయటివాళ్లను పిలిస్తే ఒక్కో పిల్లకు వెయ్యికి పైనే అడుగుతున్నారు. మొక్కలు నాటించడం, పోస్టర్ల పోటీ, చివర్లో ప్లకార్డులతో ర్యాలీ అని మీ ప్లాను. ఇది సరిపోతుందా, పిల్లల్లో నిజంగా ఏమైనా మారుతుందా అని మీ సందేహం.

పదహారేళ్లుగా నగరంలోని బడుల్లో ఈ పనే చేస్తున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ఆ మూడూ వద్దు. బయటివాళ్లూ అక్కర్లేదు, మీరే చేయగలరు. అయితే రెండు రోజులు చాలవు. రెండు రోజులు మొదలుపెట్టడానికి, ఆపైన దసరా సెలవుల దాకా వారానికి ఒక గంట. అది కుదరదంటే ఆ పదిహేను వేలూ ల్యాబుకు ఖర్చు పెట్టుకోవడం మేలు.

మొక్కలు వద్దన్నానని కోప్పడకండి. నేను మొదలుపెట్టింది వాటితోనే. మొదటి ఏడాది పర్యావరణ దినోత్సవం పేరుతో ఒక బడిలో వంద మొక్కలు నాటించాను. అంతకుముందు గంటన్నర భూతాపం మీద స్లైడ్లు. పిల్లలు బుద్ధిగా చూశారు, ఇద్దరు నిద్రపోయారు. పెద్ద ఫ్లెక్సీ, ఫొటోలు, పేపర్లో వార్త. దసరా సెలవుల తర్వాత ఏదో పని మీద అటు వెళ్తే గోడవారన ఏడు మొక్కలు మిగిలాయి. మిగతావి కొన్ని మేకలు తినేశాయి, కొన్ని ఎండకు పోయాయి. నీళ్లు ఎవరు పోయాలో ఎవరికీ చెప్పలేదు, బోరు ఎక్కడుందో నేనే చూడలేదు. ఆ ఏడు బతకడానికి కారణం వాచ్‌మన్ భార్య. బట్టలుతికిన నీళ్లు వాటికి పోసేదట. మా వర్క్‌షాప్‌లో ఆమెను ఎవరూ పలకరించను కూడా లేదు.

ప్లకార్డుల ర్యాలీ సంగతి మరీ అన్యాయం. పిల్లల భాగస్వామ్యం మీద రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యూనిసెఫ్ కోసం ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశాడు. అందులో కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదంటాడు: పెద్దలు తమ పనికి పిల్లల్ని వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకి మాట్లాడించడం. మనం రాసిచ్చిన నినాదం వాళ్ల చేతికిచ్చి ఎండలో నడిపిస్తే అది రెండో మెట్టు దాటదు, అంటే తోరణం కట్టినట్టే. పై మెట్లలో పని పిల్లలు ఎంచుకుంటారు, నిర్ణయంలో పెద్దవాళ్లు తోడుంటారు. మీరు ఒక్కసారే ఆ పైకి ఎక్కనక్కర్లేదు, నాలుగో అయిదో మెట్టు మీద నిలబడినా చాలు.

ఇక అసలు మాట. మన హైదరాబాదులో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు నాయకత్వం నేర్పే వర్క్‌షాప్ ఏటా జరుగుతూనే ఉంది. దానికెవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. గల్లీ గణపతి మండపం. ఒకసారి జాగ్రత్తగా చూడండి. నెల ముందే నలుగురు పోరగాళ్లు చందా పుస్తకం అచ్చు వేయించుకుంటారు. ఇంటింటికీ తిరుగుతారు. మూడో ఇంటి అంకుల్ "రేపు రాండ్రి" అంటాడు, నాలుగు రేపులు తిరిగి చివరికి నూటపదహార్లు పట్టుకొస్తారు. టెంట్‌హౌస్‌కు అడ్వాన్సు, కరెంటు కనెక్షన్, పోలీసుల అనుమతి, ప్రసాదం వంతులు, రాత్రి కాపలా, నిమజ్జనానికి డీసీఎం వ్యాను. ఆఖరికి ఖర్చుల లెక్క రాసి గోడకు అంటిస్తారు. లెక్క తేడా వస్తే గల్లీ మొత్తం అడుగుతుంది. క్లాసులో నోరు విప్పని పిల్లవాడు అక్కడ మైకు పట్టుకుని "నిమజ్జనం బండి వస్తుంది, దారి ఇవ్వండి" అని అరుస్తుంటాడు.

ఎందుకు నేర్చుకుంటున్నారంటే, అక్కడ నాలుగు సంగతులున్నాయి. వాయిదా వేయలేని తేదీ ఉంది. అప్పచెప్పాల్సిన డబ్బు లెక్క ఉంది. కాదనే మనుషులున్నారు. అయిందో లేదో అందరికీ కనబడే ముగింపు ఉంది. మనం బడిలో పెట్టే వర్క్‌షాపుల్లో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. అందుకే పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. మీ వర్క్‌షాప్‌కు ఈ నాలుగూ ఎలా పట్టుకురావాలా అని మాత్రమే ఆలోచించండి, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. మండపం దగ్గర ఒక లోటుంది, ఆడపిల్లల్ని చందాలకు పంపరు, ముగ్గులకు పిలుస్తారు. దాని గురించి కింద చెప్తాను.

సమస్య ఎంచుకునేటప్పుడు నాది ఒకటే షరతు: బడి గేటు నుంచి పది నిమిషాల నడకలో ఉండాలి, దాన్ని మార్చగల మనిషి పేరు పిల్లలకు తెలియాలి. ఓజోన్ పొరకు పేరున్న మనిషి లేడు. బడి పక్క మూలమీది చెత్తకుప్పకు ఉన్నాడు.

ఆ చెత్తకుప్ప కథే చెప్తాను, ఎందుకంటే నేను ఇప్పుడు చేయించే పద్ధతంతా అక్కడే పుట్టింది. నాలా, అంటే వాన నీళ్లూ మురుగూ పోయే కాలువ పక్కన ఒక బడి. గోడ మలుపులో ఎప్పుడూ కుప్ప, కుక్కలు, వాసన. నేను వెళ్లేసరికి పిల్లలు తయారుగా ఉన్నారు: "సార్, జనాలకు అవగాహన లేదు, మేం నాటిక వేస్తాం." నాటిక తర్వాత వేద్దురుగాని, ముందు వారం రోజులు ఊరికే చూడండి అన్నాను. ఎదురుగా కిరాణా కొట్టు అరుగు మీద ఇద్దరిద్దరు వంతులేసుకుని కూర్చున్నారు. ఎన్నింటికి, ఎటువైపు నుంచి, సంచీనా, బకెట్టా, పిల్లా, పెద్దా అన్నది గీతలు గీసి లెక్క. మనిషి పేరు రాయకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ అనకూడదు. ఇది ముఖ్యం మేడమ్. ఒక్క ఫొటో తీసినా గల్లీలో గొడవవుతుంది, మీ వర్క్‌షాప్ ఆ రోజుతో సరి.

వారం తర్వాత నోటుబుక్కులు తెరిస్తే దాదాపు అన్ని గీతలూ రెండు చోట్లే పడ్డాయి. తెల్లవారి ఏడు లోపల, రాత్రి తొమ్మిది దాటాక. మధ్యలో ఖాళీ. ఎందుకు అని నేను అడగలేదు. చాలాసేపటికి ఒక అమ్మాయి అంది, "సార్, మా అమ్మ ఏడున్నరకు డ్యూటీకి పోతది. ఆటో పదింటికి వస్తది. మరి చెత్త ఎక్కడ పెట్టాలె?" అంతే. 2015 నుంచి మన దగ్గర చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలున్నాయి, తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా ఇంటింటికీ ఇచ్చారు. డబ్బాలున్నాయి, ఆటో ఉంది, ఆటో వచ్చేసరికి ఇంట్లో మనిషి లేదు. అవగాహన లేదని నాటిక వేసి ఉంటే ఆ అమ్మ ముందే వేసేవాళ్లం.

అప్పుడు ఆటో నడిపే అతని దగ్గరికి ముగ్గురు పిల్లలు వెళ్లారు. నేను టీకొట్టు దగ్గర నిలబడ్డాను.

"అన్నా, పొద్దుగాల ఏడింటికి రారాదే?"

"ఏడింటికి నాకు ఇంకో గల్లీ ఉంది బిడ్డా. ఇంటింటికీ ఆగుకుంట వస్తే గంట పడ్తది."

వెనక్కి వచ్చేశారు, మొహాలు చిన్నబోయి. నేను ఏమీ అనలేదు, తలా ఒక చాయ్ ఇప్పించాను. కాసేపాగి వాళ్లలో ఒకడు లేచి మళ్లీ పోయాడు. "ఇంటింటికీ ఆగకు అన్నా. మూలమీద ఒక్క జాగల ఆగు. మేం అందరితోటి అక్కడికే తెప్పిస్తం." అతను కాసేపు తల గోక్కుని, "పది నిమిషాలు ఆగుత. ఎక్కువ ఆగ" అన్నాడు. మర్నాటి నుంచి ఆరూ యాభైకి పిల్లలు ఈల వేయడం మొదలుపెట్టారు. ఎన్ని ఇళ్ల వాళ్లు వచ్చారో రోజూ లెక్క. కుప్ప పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. రెండిళ్ల వాళ్లు ఇప్పటికీ వేస్తున్నారు. కానీ గోడ మలుపు కనబడుతోంది, అక్కడ పిల్లలు ముగ్గులు పెట్టారు. ఆ రెండో మాట మాట్లాడటానికి లేచి వెళ్లినవాడు ఏడో తరగతిలో రెండుసార్లు సస్పెండయిన పిల్లవాడు.

కాబట్టి మీ రెండు రోజులు నేనైతే ఇలా నడుపుతాను. మొదటి రోజు ఉదయం మాటలు పది నిమిషాలు మించకూడదు. మీ బడిలో ముందురోజు చెత్తంతా పారేయకుండా ఆపించండి. వరండాలో పాత టార్పాలిన్ పరిచి దాని మీద కుమ్మరించండి. చేతులకు గ్లౌజులు, పట్టుకార్లు. తడి, పొడి, హానికరమైనవి, ఏ కుప్పలోకి పోతుందో తేలనివి అని నాలుగు కుప్పలు చేసి, వేలాడే కాటా మీద తూచి బోర్డు మీద రాయించండి. నేను చేయించిన ప్రతి ప్రభుత్వ బడిలోనూ పెద్ద కుప్ప మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నమే. ప్రైవేటు బడుల్లో చిప్స్ ప్యాకెట్లూ, జ్యూస్ డబ్బాలూ. ఆ నాలుగో కుప్ప దగ్గర ఎక్కువసేపు ఉండండి. పెన్ను, టెట్రా ప్యాక్, చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి పొర పట్టుకుని పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదన జరగనివ్వండి, జవాబు వెంటనే చెప్పేయకండి.

అది అయ్యాక చేతులు కడిగించి, టిఫిన్ పెట్టి, బయట నడక. ఆరేడుగురేసి ఆరు జట్లు. ప్రతి జట్టుకూ ఒక దిక్కు. వెతకాల్సింది ఒకటే: బడి మీద పడ్డ వాన నీళ్లు ఎటు పోతాయి? నీరు పల్లమెరుగు అంటారు కదా, దాని వెంట పోతే చాలు, నగరం మొత్తం అర్థమవుతుంది. ఏ నాలాలో కలుస్తుంది, ఆ నాలాకు అడ్డంగా ఏముంది, చివరికి ఏ చెరువు, ఏ వైపు మూసీ. మన దగ్గర చెరువులు గొలుసుకట్టు అనీ, ఒకటి నిండితే మత్తడి (అలుగు) దూకి తర్వాతి దాంట్లోకి పోయేదనీ, మధ్యలో కాలువ పూడ్చేస్తే నీళ్లు ఇళ్లలోకి వస్తాయనీ పుస్తకం చూసి చెప్తే మర్చిపోతారు. 2020 అక్టోబరు వానలకు ఇంట్లో మంచాల దాకా నీళ్లొచ్చిన పిల్లలు మీ క్లాసులో కచ్చితంగా ఉంటారు. ఆ పిల్లల్ని మాట్లాడనివ్వండి. అది వాళ్ల సబ్జెక్టు.

వీలైతే ఎప్పుడైనా ఒక ఆదివారం అఫ్జల్‌గంజ్ తీసుకెళ్లండి. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆ ఆలోచనల ఫలితంగా గండిపేట జలాశయం 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. చెట్టు కింద నిలబెట్టి ఈ నాలుగు ముక్కలు చెప్తే చాలు, స్లైడ్లు అక్కర్లేదు.

రెండో రోజు ఉదయం ప్రతి జట్టూ తాను చూసిన సమస్యను పెద్ద కాగితం మీద బొమ్మగా వేయాలి, పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. దీన్ని మార్చగల మనిషి ఎవరు? అతను కాదంటే ఎందుకు కాదంటాడు? దసరా సెలవుల లోపల కంటికి ఏం కనబడాలి? రెండో ప్రశ్న దగ్గర పిల్లలు తడబడతారు. సినిమాలు చూసి చూసి, కాదనేవాడు విలన్ అనుకుంటారు. అక్కడే కూర్చోబెట్టి నాటకం ఆడించండి, ఒకరు వార్డు ఆఫీసు ఉద్యోగి, ఒకరు పండ్ల బండి ఆమె, ఒకరు మూడో అంతస్తు ఆంటీ. ప్లాస్టిక్ కవరు ఎందుకు ఇస్తున్నావని దబాయించిన పిల్లకు, పండ్ల బండి ఆమెగా కూర్చోగానే "కవరు ఇయ్యకపోతే పక్క బండికి పోతరు, నా గిరాకీ ఎవరిస్తరు" అన్న మాట నోట్లోంచి అదే వస్తుంది. మధ్యాహ్నం ఓటేసి నలభై మందికీ కలిపి రెండు పనులు ఎంచుకోవాలి. ఆరు జట్లకు ఆరు పనులిస్తే ఆగస్టుకల్లా ఆరూ ఆగిపోతాయి, నాకు రెండుసార్లు అలాగే అయింది.

వాళ్లు ఎంచుకున్నది మీకు నచ్చకపోవచ్చు. నచ్చకపోయినా సరే. ఒకసారి పిల్లలు బడి మరుగుదొడ్డి కుళాయి కారడాన్ని ఎంచుకున్నారు. నాకేమో వాళ్లు చెరువు మీద పని చేయాలని. లోపల్లోపల విసుక్కున్నాను. కారే కుళాయి కింద బకెట్టు పెట్టి ఎంత సేపటికి నిండుతుందో చూసి, రోజుకెన్ని బకెట్లో గుణించి, ఆ కాగితం పట్టుకుని హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లారు. వారంలో ప్లంబర్ వచ్చాడు. మేం అడిగితే పని అవుతుంది అన్న రుచి తెలిసింది వాళ్లకు. చెరువు దగ్గరికి ఆ మరుసటేడు వాళ్లంతట వాళ్లే వచ్చారు.

చెరువు పని పెట్టుకుంటే కొన్ని విషయాలు ముందే తెలిసి ఉండాలి. అందరూ టీడీఎస్ మీటరు కొంటారు, నీళ్లలో ముంచి మూడు వందలు చూపించింది కాబట్టి నీళ్లు బాగున్నాయంటారు. అది కరిగిన లవణాల లెక్క మాత్రమే. మురుగు కలిసిందో లేదో, క్రిములున్నాయో లేదో అది చెప్పదు. చెరువు బతికుందా అని తెలియాలంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవాలి. చుక్కలు వేసి రంగు చూసే కిట్లు దొరుకుతాయి. చేపలు బతకాలంటే లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఎప్పుడు కొలిచారన్నది ఇంకా ముఖ్యం. పాచి పట్టి ఆకుపచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే ఎండకు ఆ పాచి విడిచే ఆక్సిజన్‌తో అంకె ఎక్కువ వచ్చి కూర్చుంటుంది. అదే చోట తెల్లవారుజామున కొలిస్తే రాత్రంతా అన్నీ కలిసి పీల్చేసి ఉంటాయి కాబట్టి అంకె పడిపోతుంది. తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలేది అందుకే. ఒకే చోట ఉదయం ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ కొలిపించండి. రెండు అంకెలు చూసి పిల్లలు "కిట్ పాడైంది సార్" అంటారు. అక్కడి నుంచి మొదలవుతుంది సైన్సు.

నీళ్ల మీద పరుచుకునే గుర్రపుడెక్క కనబడితే దాన్ని పీకడానికి పిల్లల్ని దింపకండి. మురుగు ఆగకపోతే అది మళ్లీ వస్తుంది. చెరువు హద్దులంటే చాలామందికి నీళ్లున్నంత మేరే. అసలు హద్దు ఎఫ్‌టీఎల్, అంటే నిండుగా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే గీత, దాని అవతల పెద్ద చెరువులకు 30 మీటర్లు, 25 ఎకరాల లోపు వాటికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని నిబంధన. పిల్లలకు ఆ హద్దు రాళ్లు చూపించండి. ఎవరి ఇల్లు లోపలుందో వేలు పెట్టి చూపించే పని మాత్రం వద్దు, ఆ ఇంటి పిల్ల మీ జట్టులోనే ఉండొచ్చు. మనకు అమీన్‌పూర్ చెరువు లాంటి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు, నగరాల పక్కన ఉన్న చెరువుల్లో దేశంలో అదే మొదటిది. చలికాలం పొద్దున్నే వెళ్తే పిట్టలే పాఠం చెప్తాయి.

అన్నం కుప్ప పెద్దదని చెప్పాను కదా, చాలా బడులు కంపోస్టు ఎంచుకుంటాయి. మంచి పనే, నెలలోపు ఆగిపోయే పని కూడా అదే. కారణం వాసన. వండిన అన్నం తడి ముద్దలా అడుగున చేరి గాలి ఆడక కుళ్లుతుంది, పురుగులు పడతాయి, ఆయమ్మ డ్రమ్మును గేటు బయట పెట్టిస్తుంది. ఒక వంతు తడికి రెండు మూడు వంతుల ఎండుటాకులు, వారానికి రెండుసార్లు తిరగేయడం, పుల్లమజ్జిగ గానీ పేడనీళ్లు గానీ కాస్త. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. ఎండుటాకులు ఎండాకాలంలోనే గోనెసంచుల్లో దాచుకోవాలి, జూలైలో వెతికితే దొరకవు. ఆయమ్మతో ముందే మాట్లాడి, తయారైన మొదటి ఎరువు ఆమె ఇంటి కుండీలకే ఇవ్వండి.

మీ వర్క్‌షాప్ జూలైలో కాబట్టి వినాయకచవితి కూడా పిల్లలు ఎంచుకునే అవకాశం ఉంది. ఎంచుకోనివ్వండి. మండపం పెట్టే పిల్లలు మీ క్లాసులోనే ఉంటారు కాబట్టి బయటి మనిషి చెప్పినట్టు ఉండదు. "పెద్ద విగ్రహం మట్టితో నిలవదు" అంటారు. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగుతో మొదలైంది, 2022లో యాభై అడుగుల విగ్రహం మట్టితోనే నిలబెట్టారు. అలంకరణకు వాడే థర్మాకోల్ 2022 జూలై 1 నుంచి నిషేధం, 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ (ప్లాస్టిక్) బ్యానర్లు కూడా అందులోనే ఉన్నాయి. ఈ మాట చెప్పేముందు మీ వర్క్‌షాప్ ఫ్లెక్సీ ఆర్డరు రద్దు చేయండి. పిల్లలు అన్నీ చూస్తారు. పాత చీర మీద రంగులతో రాయిస్తే సరిపోతుంది. నీళ్ల ప్యాకెట్లు కూడా వద్దు, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుంటారు.

ఆడపిల్లల సంగతి. వదిలేస్తే ప్రతి జట్టులోనూ మగపిల్లలు మాట్లాడతారు, ఆడపిల్లలు అందంగా రాస్తారు. ఫస్ట్ ర్యాంకు వాళ్లు లీడరవుతారు. నేను లీడరు అన్న మాటే వాడను. మాట్లాడేవాళ్లు, లెక్క రాసేవాళ్లు, సామాను చూసుకునేవాళ్లు, గుర్తుచేసేవాళ్లు అని నాలుగు పనులు, రెండు వారాలకొకసారి తప్పకుండా మారాలి. వార్డు ఆఫీసుకు వెళ్లే జట్టులో సగం ఆడపిల్లలు. పనులన్నీ పగటిపూటే పెట్టండి, సాయంత్రం ఆరు దాటితే ఇళ్లలో పంపరు, ఆ తప్పు అమ్మాయిది కాదు, మన టైముది. లెక్క రాసేవాళ్ల చేతికి నిజం డబ్బు ఇవ్వండి, రెండు వేలైనా సరే. బిల్లులు, మిగిలిన చిల్లర, నోటీసుబోర్డు మీద లెక్క. ఒక బడిలో నూట నలభై రూపాయలు తేలలేదు. రెండు రోజులు పిల్లలు నిద్రపోలేదు. చివరికి చాక్‌పీసుల బిల్లు ఒకడి జామెట్రీ బాక్సులో దొరికింది. ఆ టెన్షన్ పడనివ్వాలి.

మీకు అన్నిటికన్నా కష్టమైనది ఒకటుంది, నోరు మూసుకోవడం. నేను టీచర్ల కుటుంబంలో పుట్టాను, నాకిప్పటికీ రాదు. పిల్లలు వార్డు ఆఫీసులో తప్పుగా మాట్లాడుతుంటే మధ్యలో దూరిపోతాం. దూరిన క్షణంలో ఆ ఉద్యోగి కళ్లు మీ వైపు తిరుగుతాయి, పిల్లలు సామాన్లు మోసేవాళ్లయిపోతారు. నేనైతే గుమ్మం బయట నిలబడతాను. అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలనుకుంటే, ఒకే పేజీ, ఒకే సమస్య, చోటు గుర్తులు, ఇన్ని రోజులు చూశాం అన్న లెక్క, కింద అందరి సంతకాలు. ముట్టినట్టు రసీదు తీసుకోకుండా వెనక్కి రాకూడదని ముందే చెప్పండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ దరఖాస్తు రాయడం కూడా ఒక మంచి తెలుగు పాఠమే.

భద్రత విషయంలో నేను చాదస్తుణ్ణి. ఎనిమిది మందికి ఒక పెద్దమనిషి. తల్లిదండ్రుల సంతకం. చెరువు దగ్గర నీళ్లు పెద్దవాళ్లే బకెట్టుతో తోడివ్వాలి, పిల్లలు గట్టు దిగకూడదు. ఇంటి చెత్తలో షుగరు ఇంజెక్షన్ సూదులు వస్తాయి, కాబట్టి గ్లౌజులున్నా పట్టుకారు తప్పనిసరి. ఖాళీ స్థలాల్లో తెల్లపూల వయ్యారిభామ ఉంటుంది, దాన్ని ఉత్తచేతులతో పీకిస్తే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం ఉన్న పిల్లలకు మరీ కష్టం. నా పొరపాటు వల్లే ఒక పాప రెండు రోజులు బడి మానింది. చేతికి పుండున్నవాళ్లను మురుగు దగ్గరికి రానివ్వకండి.

డబ్బు గురించి టెన్షన్ పడకండి. టార్పాలిన్, కాటా, గ్లౌజులు, పట్టుకార్లు, నీళ్ల కిట్, రెండు రోజుల టిఫిన్, పిల్లల చేతికిచ్చే రెండు వేలు, అన్నీ కలిపినా మీ పదిహేను వేలలో సర్దుకోవచ్చు. మీ బడిలో జాతీయ హరిత దళం కింద ఎకో క్లబ్ ఉంటే దాని పేరు మీదే నడపండి, మీరు బదిలీ అయినా పని ఆగదు.

హెడ్మాస్టరు గారు బయటివాళ్లనే పిలుద్దామంటే, వాళ్లను మూడు మాటలడగండి. పోయినేడు చేసిన బడి ఒకటి చూపిస్తారా, అది ఇప్పుడెలా ఉంది? మీరు వెళ్లాక వారం వారం ఎవరు వస్తారు? పిల్లలు మీ ప్లానులో లేని పని ఎంచుకుంటే ఏం చేస్తారు? మూడోదానికి "అలా జరగదండీ" అంటే పిలవకండి. ఇంకోటి, తొమ్మిదో తరగతి తల్లిదండ్రులు వచ్చే ఏడు టెన్త్ అని వెనకాడతారు. వారానికి గంటేనని, ఏ రోజో ముందే చెప్పండి, ఆ గంట దాటనివ్వకండి. సర్టిఫికెట్లు రెండో రోజు ఇవ్వకండి, దసరా సెలవుల ముందు ఇవ్వండి, అందులో ఆ పిల్ల ఏం పని చేసిందో ఒక వాక్యం చేత్తో రాసి.

మీరు చేస్తానంటే ఈ వారం ఒక పని చేసి మళ్లీ రాయండి. మీ బడి చుట్టూ స్వచ్ఛ ఆటో ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి పోతుంది, నడిపే అతని పేరేంటి. ఆ మూడూ తెలిశాక మొదటి రోజు ప్లాను కూర్చుని రాసుకుందాం.